మెదడువాపు వేరు, మెదడు ఉబ్బడం వేరు

సందేహం: మా నాన్నగారికి స్ట్రోక్ వస్తే ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో చేర్చాం. క్లాట్ (మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ) తీశాక డాక్టరు "మెదడువాపు వచ్చే అవకాశం ఉంది, మూడు నాలుగు రోజులు చూడాలి" అన్నారు. అమ్మ అది దోమల వల్ల వచ్చే జబ్బనుకుని, పిల్లలకి టీకా వేయించారా అని ఒకటే టెన్షన్. తర్వాత ఒక వ్యాసంలో "మెదడువాపును ముందే చెప్పే రక్త జీవసూచికలు" (ఇంగ్లిష్‌లో బయోమార్కర్లు) అని చదివాను. ఈ మాటలు సరైనవేనా? (ఒక పాఠకురాలు, ఉప్పల్)

సమాధానం: అమ్మా, మీ అమ్మగారు పొరపాటు పడలేదు. తెలుగులో మెదడువాపు అనేది ఏనాడో ఒక జబ్బు పేరైపోయింది. వైరస్ మెదడుకు సోకి, జ్వరం, ఫిట్స్ వచ్చే ఎన్‌సెఫలైటిస్‌ని మనవాళ్లు మెదడువాపు వ్యాధి అంటారు. 2003లో చాందీపురా వైరస్ ఉమ్మడి రాష్ట్రంలో 183 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకున్న రోజులు గుర్తున్నవాళ్లకి ఆ మాట వింటే గుండె జారిపోవడం సహజం.

మీ నాన్నగారి విషయంలో డాక్టరు చెప్పింది ఇది కాదు. రక్తం అందక దెబ్బతిన్న మెదడు కణాల్లోకి ముందు నీరు చేరుతుంది, ఆ తర్వాత రక్తనాళాల గోడలు సడలి బయటినుంచి కూడా నీరు ఊరుతుంది, క్లాట్ తీసి రక్తం మళ్లీ పారించినా ఒక్కోసారి ఇది ఆగదు, సాధారణంగా రెండో రోజు నుంచి అయిదో రోజు మధ్య ముదురుతుంది. పుర్రె సాగదు కదా, లోపల ఒత్తిడి పెరుగుతుంది. మరీ ఎక్కువైతే పుర్రెలో ఒక ముక్క తాత్కాలికంగా తీసి మెదడుకు చోటిస్తారు.

దీనికి ఏ మాట వాడాలి? వాచు అనే క్రియ నుంచి వచ్చింది వాపు. కందిరీగ కుడితే వాస్తుంది, దెబ్బ తగిలితే వాస్తుంది. నానబెట్టిన శనగలు మాత్రం వాచవు, ఉబ్బుతాయి. లోపలికి నీరు చేరి పెరగడానికి మన వంటింట్లో ఉన్న మాట ఉబ్బడమే, స్ట్రోక్ తర్వాత కణాలకు జరిగేదీ దాదాపు అదే. కాళ్లకు నీరు పట్టినా కాళ్లు వాచాయనే అంటాం కాబట్టి వాపు తప్పని నేననను, వాపు చూసి బలుపనుకున్నట్టు అనే సామెత కూడా ఉంది. ఇబ్బందల్లా వాపు మెదడు పక్కన చేరి ఇంకో జబ్బుకి పేరు కావడమే. పోనీ "మెదడులో నీరు చేరింది" అందామా అంటే, అది పసిపిల్లల తల పెద్దదయ్యే హైడ్రోకెఫలస్‌కి వాడుకలో ఉంది, ఒక గొయ్యి తప్పించుకుని ఇంకో గోతిలో పడతాం. అందుకే "మెదడు ఉబ్బడం" అనమని నా సలహా.

ఇక జీవసూచిక. విషయసూచిక అంటే విషయాల పట్టిక కదా, ఆ లెక్కన జీవసూచిక అంటే చాలామందికి జీవుల పట్టికలా వినిపిస్తుంది. సూచించేది అనే అర్థానికి సూచకం మేలు. అయినా నాకు నచ్చిన మాట ఆనవాలు. హనుమంతుడు సీతమ్మకు ఉంగరం చూపించింది ఆనవాలుగానే, చిన్న వస్తువు, కానీ కళ్లకు కనపడని మనిషి సంగతి చెబుతుంది. రక్తంలో వెతికేవీ అలాంటివే. ఎంఎంపీ-9 అనే ఎంజైము రక్తనాళాల గోడల్ని పట్టి ఉంచే పదార్థాన్ని కొరికేస్తుంది, అది రక్తంలో పెరిగిందంటే గోడ సడలుతోందని అనుమానించాలి. ఎస్100బి, జీఎఫ్‌ఏపీ మెదడులోని సహాయక కణాల నుంచి రక్తంలోకి వచ్చే ప్రోటీన్లు. మామూలు రక్తపరీక్షలో లెక్కించే తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్‌కీ లింఫోసైట్లకీ ఉండే నిష్పత్తిని కూడా పరిశోధకులు చూస్తున్నారు. ఇవన్నీ ఇంకా పరిశోధనలోనే ఉన్నాయి, రోజువారీ వైద్యంలో రోగి పరిస్థితి, సీటీ స్కాన్, ఇవే ఆధారం. కాబట్టి మీరు చదివిన "ముందే చెప్పే" అన్న మాట కూడా ఎక్కువే. ముందే చెప్పేది జోస్యం. ఇక్కడ చేసేది అప్పటికే మొదలైన నష్టం ఆనవాళ్లు పట్టుకుని రాబోయేదాన్ని పసిగట్టడం, అంటే అంచనా.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. "మెదడువాపు వచ్చే అవకాశం" అన్న వాక్యంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అవకాశం. ఉద్యోగం వచ్చే అవకాశం, చదువుకునే అవకాశం, ఇలా మనం కోరుకునేదానికి వాడే మాట అది. ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న మనిషితో చెడుకి అవకాశం ఉందనడం వినడానికే కష్టం. "ప్రమాదం ఉంది" అనాలి, ఆ మాట మరీ గట్టిగా అనిపిస్తే "ఉబ్బవచ్చు" అంటే చాలు, ఆ "వచ్చు"లోనే అంతా ఉంది.

స్ట్రోక్‌ని పక్షవాతం అనొచ్చా అని కూడా కొందరు రాస్తుంటారు. పక్షం అంటే ఒక వైపు, పక్షవాతం ఒక వైపు పడిపోవడం, పాతబస్తీలో ఫాలిజ్ అనేదీ దాన్నే. చెయ్యీ కాలూ పడిపోకుండా మాట మాత్రమే పోయే స్ట్రోక్‌లూ ఉన్నాయి కాబట్టి స్ట్రోక్‌ని స్ట్రోక్ అనే అనండి.

ఆ డాక్టరుగారు "క్లాట్ తీసేశాం, అయినా దెబ్బతిన్న చోట మెదడు ఉబ్బవచ్చు, ఈ నాలుగైదు రోజులు జాగ్రత్తగా చూస్తాం, ఇది అంటుకునే జబ్బు కాదు" అని ఉంటే మీ అమ్మగారికి ఆ టెన్షన్ తప్పేది. నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారో మీరు రాయలేదు, వీలైతే రాయండి.