అక్షౌహిణి లెక్క

సందేహం: ఒక సభ గురించి రాస్తూ ఓ పత్రిక 'అక్షోహిణుల కొద్దీ జనం' అంది. అక్షోహిణా, అక్షౌహిణా? లెక్కలేనంత అనే అర్థంలో వాడొచ్చా? అక్షౌహిణి సంఖ్యలోని అంకెలు కూడితే 18 వస్తుందనీ, అందులో మహాభారత రహస్యం ఉందనీ వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా? – ఒక పాఠకురాలు

సమాధానం: రూపం గురించి పేచీ లేదు. అక్ష, ఊహిని కలిస్తే మామూలుగా ఓకారమే రావాలి. కానీ పాణిని సూత్రాలకు అనుబంధ నియమాలు రాసిన వార్తికకారుడు ఈ మాట కోసం ప్రత్యేకంగా వృద్ధి, అంటే ఓకారం బదులు ఔకారం, చెప్పాడు కనుక ఔకారమే రాయాలి. ఇక్కడ అక్షమంటే బండి ఇరుసు, ఊహిని అంటే సమూహం. పాచిక, ఇంద్రియం వంటి అర్థాలతో ఇప్పుడు పని లేదు.

'లెక్కలేనంత' అనడమే నాకు మింగుడుపడదు. ఈ మాట పుట్టిందే సేనల లెక్క కోసం! నన్నయ ఆదిపర్వంలో ఈ లెక్కంతా ఒక్క సీసంలో ఇమిడ్చాడు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్వురు ఉంటే పత్తి. కాలిబంట్లను 'కాల్వురు' అన్నాడు, ఎంత పొట్టిగా, ఎంత తెలుగుగా ఉందో! మూడు పత్తులు సేనాముఖం. అక్కణ్ణుంచి గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని దాకా ప్రతి మెట్టూ మూడింతలే. ఏడు మెట్లెక్కేసరికి ఒక్క రథం 2,187 అవుతుంది. చివరి మెట్టులో మాత్రం మూడును వదిలి పదిని పట్టుకున్నారు. పది అనీకినులైతే అక్షౌహిణి. అంటే 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్వురు. మొత్తం 2,18,700.

ఇక 18 సంగతి. నాలుగు అంగాల్లో దేని అంకెలు కూడినా, మొత్తం అంకెలు కూడినా 18 వచ్చే మాట నిజమే. కానీ అన్ని మూళ్లు పెట్టి గుణించాక ఆ సంఖ్య తొమ్మిది ఎక్కంలో పడక తప్పదు. అలాంటి సంఖ్యలో అంకెల కూడిక 9, 18, 27 ఇలాగే ఉంటుంది. పాండవుల ఏడు అక్షౌహిణులు 15,30,900, కౌరవుల పదకొండు 24,05,700. రెండిట్లోనూ 18 వస్తుంది. సరే, రెండు పక్షాలూ కలిపితే 39,36,600. ఇప్పుడు కూడండి, 27! అసలైన పద్దెనిమిది అక్షౌహిణుల దగ్గరే రహస్యం జారిపోయింది. వాట్సాప్ పండితులు ఆ ఒక్క కూడికా చెయ్యరు.

వాడుక మాటకొస్తే, కవి ఎవరైనా పెద్ద గుంపును అక్షౌహిణితో పోలిస్తే నేను తప్పు పట్టను. వార్తలో అయితే 'వేలాది జనం' అంటే ఏం తక్కువైంది? లేదూ, అదే రాస్తామంటే, బహువచనం వేశారు కనుక కనీసం రెండు అక్షౌహిణులు చూపించాలి. అందులో ఏనుగులే 43,740.