అమెరికాలో బిగ్ లాట్స్ దుకాణాలు మూతపడటానికి ఆన్‌లైన్ కొనుగోళ్లే కారణమా?

ఆన్‌లైన్ ఒక్కటే కాదండి. బిగ్ లాట్స్ అసలు బలం క్లోజౌట్ సరుకు. కంపెనీల దగ్గర మిగిలిపోయినవి, ప్యాకింగ్ మారి ఆగిపోయినవి టోకున కొని చవగ్గా అమ్మేది. ఈ వారం కనిపించిన షాంపూ వచ్చే వారం ఉండదు, ఆ వెతుకులాట కోసమే జనం వెళ్లేవారు. రానురాను సోఫాలు, మంచాల మీద ఎక్కువగా ఆధారపడింది. ధరలు మండిపోయాక అవి కొనేవాళ్లు తగ్గారు. రోజువారీ సరుకులేమో అమెజాన్, వాల్‌మార్ట్ గుమ్మం దాకా తెచ్చిస్తున్నాయి.

2024 సెప్టెంబరులో బిగ్ లాట్స్ దివాలా పిటిషన్ వేసింది, డిసెంబరులో అన్నిచోట్లా మూసివేత అమ్మకాలు మొదలయ్యాయి. తర్వాత వెరైటీ హోల్‌సేలర్స్ అనే మరో దుకాణాల సంస్థ 219 దుకాణాలను తీసుకుంది. చిన్న జీతంతో ఇల్లు నడిపేవాళ్లకు మిగతావి పోవడం పెద్ద దెబ్బే.

నా దృష్టిలో అసలు పొరపాటు క్లోజౌట్‌ను వదులుకోవడం. అదే వ్యాపారాన్ని నమ్ముకున్న ఓలీస్ అనే దుకాణాల సంస్థ ఆన్‌లైన్‌లో అమ్మకుండానే పెరుగుతోంది. మూతపడ్డ బిగ్ లాట్స్ స్థలాలు కొన్ని ఇప్పుడు దానివే.