టెక్ సందేహాలు: అంచు మీద దూకు ఎందుకు తప్పుతోంది?

షేర్‌వుడ్ ఎక్స్‌ట్రీమ్ అనే ఉచిత ఆట ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. 11వ తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) 45, 50 చూపిస్తూనే ఉంటాయి. అయినా పరిగెత్తుకుంటూ వచ్చి అంచు మీద దూకబోతే సగం సార్లు దూకకుండానే కింద పడిపోతున్నాను. కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా సార్?
– డిగ్రీ విద్యార్థి, ఆదోని

కొత్తది కొనొద్దు. ఉన్నదాన్నే దారికి తెచ్చుకోవచ్చు. మహా అయితే ఒక ర్యామ్ కార్డు ఖర్చు పడుతుంది.

ఈ ఆట తెలియనివారి కోసం: దీన్ని కేజ్ స్టూడియోస్ 2021లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఎర్లీ యాక్సెస్‌గా, అంటే పూర్తికాకముందే ఆడుకోనిచ్చే పద్ధతిలో పెట్టింది. షేర్‌వుడ్ అంటే రాబిన్ హుడ్ కథల్లోని అడవి పేరు. చేతిలో క్రాస్‌బో (మీట నొక్కితే బాణం వదిలే అడ్డవిల్లు) ఉంటుంది. పరిగెత్తుతూ, జారుతూ, పల్టీ కొడుతూ, గాల్లో ఉండగానే కాలాన్ని నెమ్మదింపజేసి గురి చూసి కొట్టాలి. ఊపు ఆగకుండా వరసగా కొట్టేకొద్దీ స్కోరు పెరుగుతుంది. అంటే ఇందులో అడుగడుగునా టైమింగే ముఖ్యం.

మీ కష్టానికి కారణం 45, 50 అనే అంకె కాదు, అది నిలకడగా లేకపోవడం. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. 30 అయితే 33.3. సగటు 50 చూపిస్తూనే మధ్యలో ఒక ఫ్రేము 100 మిల్లీసెకన్లు తినేసిందనుకోండి, మూల కనిపించే అంకె పెద్దగా కదలదు. మీరు స్పేస్ నొక్కింది ఆ ఫ్రేములోనే అయితే మాత్రం, ఆట ఆ నొక్కుడును గమనించేలోపు మీ పాత్ర అంచు దాటిపోయి ఉంటుంది. ఇలాంటి ఆటలు తయారుచేసేవాళ్లు సాధారణంగా అంచు దాటాక కూడా సుమారు పదోవంతు సెకను దాకా దూకనిస్తారు. ఆ కాస్త వెసులుబాటును ఒక్క తడబాటు మింగేస్తుంది. తప్పు మీ వేలిది కాదు.

ముందు ర్యామ్ చూడండి. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ నొక్కండి. కింద స్లాట్స్ యూజ్డ్ దగ్గర రెండింటిలో ఒకటే వాడుతున్నట్టు ఉంటే అసలు దోషం అక్కడే ఉంది. విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో చిప్‌లోని గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒకే కార్డు ఉంటే దారి ఒంటి వరస, రెండుంటే రెండు వరసలు. మీ ఐ5 మీద ఐరిస్ ఎక్స్ఈ అని స్టిక్కర్ ఉండి, టాస్క్ మేనేజర్‌లో మాత్రం ఉత్త యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అని కనిపిస్తోందా? ఒంటి వరస ర్యామ్ ఉన్నప్పుడు ఇంటెల్ దాన్ని అలాగే చూపిస్తుంది. రెండో స్లాట్‌లో అదే రకం, అదే వేగం ఉన్న 8 జీబీ కార్డు వేయించండి. డీడీఆర్4 3200 ఉంటే అదే తెచ్చుకోవాలి. డీడీఆర్5 ఆ స్లాట్‌లో పట్టదు. కొన్ని పలచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, రెండో స్లాటే ఉండదు. కొనేముందు వెనక మూత తీయించి చూడండి.

ఆట సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 1280 బై 720కి దించండి. 1920 బై 1080లో ప్రతి ఫ్రేముకు సుమారు 20.7 లక్షల చుక్కలు గీయాలి, 720లో 9.2 లక్షలు చాలు. నీడలు లో, మోషన్ బ్లర్ ఆఫ్. బొమ్మ కొంచెం మసకబారుతుంది, కానీ దూకు చేతికొస్తుంది. ఈ రకం ఆటల్లో అందం కన్నా నిలకడకే నా ఓటు. ఇక వీసింక్ (ఫ్రేములను తెర వేగానికి కట్టే అమరిక) ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే, 60 అందుకోలేని మెషీన్‌లో ఫ్రేములు ఒక్కసారిగా 30కి పడిపోయే అవకాశం ఉంది. పైగా నొక్కిన మీట ఫలితం తెర మీదకు రావడం ఆలస్యమవుతుంది. దాని బదులు ఫ్రేమ్ లిమిట్ 60 పెట్టండి. ఇన్ని చేసినా 60 నిలవకపోతే 30 దగ్గర కట్టేయండి. 38 నుంచి 55 మధ్య ఊగే ఆట కన్నా కదలని 30 నయం, ఎందుకంటే చేయి ఒక లయకు అలవాటు పడుతుంది.

మరొకటి, చాలామంది గమనించనిది: కీబోర్డు. చవక కీబోర్డుల్లో, ల్యాప్‌టాప్ కీబోర్డుల్లో కొన్ని మూడు మీటల కలయికలు ఒకేసారి నమోదు కావు. బాణం గుర్తుల్లో పైకి, ఎడమకు నొక్కిపట్టి స్పేస్ కొడితే స్పేస్ పనిచేయని కీబోర్డులు బోలెడు. అందుకే నేరుగా పరిగెత్తి దూకితే సరిగ్గా వచ్చి, పక్కకు వాలుగా దూకితేనే తప్పుతుంటుంది. బ్రౌజర్‌లో ఏదైనా కీబోర్డు పరీక్ష పేజీ తెరిచి, మీరు ఆటలో వాడే మీటలన్నీ ఒకేసారి పట్టుకుని చూడండి. ఒకటి వెలగకపోతే దూకే మీటను స్పేస్ నుంచి మౌస్ పక్క బటన్‌కు మార్చండి. సమస్య అక్కడితో పోతుంది. షిఫ్ట్ వరసగా 5 సార్లు నొక్కితే వచ్చే స్టిక్కీ కీస్ పెట్టె కూడా ఆట మధ్యలో ప్రాణం తీస్తుంది. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, కీబోర్డ్, స్టిక్కీ కీస్‌లోకి వెళ్లి దాని షార్ట్‌కట్ ఆపేయండి.

ల్యాప్‌టాప్‌లో ఆట మొదటి 20 నిమిషాలు బ్రహ్మాండంగా నడుస్తుంది. తర్వాత నత్తనడక. సర్వీసింగ్‌కు ఇస్తే ఏ లోపం లేదన్నారు.
– మెడికల్ రెప్రజెంటేటివ్, కడప

లోపం నిజంగానే ఉండకపోవచ్చు, అది వేడి. ప్రాసెసర్ 95 నుంచి 100 డిగ్రీల దగ్గరకు వెళ్లగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గది 25 డిగ్రీలు ఉన్న రోజుకూ, మన వైపు ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో 40 ఉన్న రోజుకూ తేడా 15 డిగ్రీలు. ఆ తేడా అంతా చిప్ మీదే పడుతుంది. సర్వీసింగ్ చేసే ఏసీ గదిలో లోపం కనబడకపోవడంలో వింత లేదు.

మంచం మీద, దుప్పటి మీద పెట్టి ఆడొద్దు. అడుగున గాలి పీల్చుకునే సందులు మూసుకుపోతాయి. కడపలో ఉన్నారు కాబట్టి అరుగు మీదో అలమరలోనో ఒక నాపరాయి పలక ఉండే ఉంటుంది. దాని మీద పెట్టి, వెనక వైపు రెండు సీసా మూతలు పెట్టి రెండు సెంటీమీటర్లు లేపితే చాలు. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్‌లో మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ను 100 నుంచి 99 చేయండి. ఆ ఒక్క శాతంతో చాలా ల్యాప్‌టాప్‌లలో టర్బో (ప్రాసెసర్ మామూలు కన్నా పెంచుకునే వేగం) ఆగిపోతుంది. ఉష్ణోగ్రత బాగా దిగుతుంది, ఫ్రేములు కొంచెమే తగ్గుతాయి, పడిపోకుండా నిలుస్తాయి. ఆ గడి కొత్త ల్యాప్‌టాప్‌లలో కొన్నిట్లో కనబడదు. అప్పుడు ఫ్రేమ్ లిమిట్ తగ్గించడమే మార్గం. రెండేళ్లు దాటిన ల్యాప్‌టాప్ అయితే ఫ్యాన్‌లో దుమ్ము తీయించి థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి చేరవేసే పూత) మార్పించండి.

ఆన్‌లైన్‌లో కొన్న వైర్‌లెస్ కంట్రోలర్ విండోస్‌లో కనిపిస్తుంది కానీ ఆటలో కదలదు. ఒక్కోసారి దానంతటదే ఎడమకు నడుస్తుంది.
– గుంతకల్లు

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. మొదటిది మోడ్. చవక కంట్రోలర్లు ఎక్స్‌ఇన్‌పుట్, డైరెక్ట్‌ఇన్‌పుట్ అని రెండు రకాలుగా పనిచేస్తాయి. ఇప్పటి ఆటలు ఎక్కువగా మొదటిదాన్నే గుర్తిస్తాయి. మోడ్ మార్చే మీటల కలయిక కంపెనీని బట్టి మారుతుంది, మీ మోడల్‌కు ఏదో డబ్బాలోని కాగితంలో ఉంటుంది. మారలేదంటే స్టీమ్‌లో ఆట మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, కంట్రోలర్‌లోకి వెళ్లి స్టీమ్ ఇన్‌పుట్ ఎనేబుల్ చేయండి. అది మధ్యలో దుబాసీలా నిలబడి రెండో భాషను మొదటి భాషలోకి మారుస్తుంది.

రెండోది కంట్రోలర్ మీద బొటనవేలితో తిప్పే పుల్ల (స్టిక్) అరిగిపోవడం. ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్‌ను (పుల్ల ఎంత కదిలేదాకా ఆట పట్టించుకోకూడదో చెప్పే కొలత) 5 నుంచి మొదలుపెట్టి, నడక ఆగేదాకా ఒక్కో శాతం పెంచండి. 20 దాటాల్సి వస్తే గురి మొద్దుబారుతుంది, అప్పుడు పుల్ల మార్పించడమే మేలు. కంట్రోలర్‌తో వచ్చిన 2.4 గిగాహెర్ట్జ్ డాంగుల్‌ను (సంకేతాలు అందుకునే చిన్న ముక్క) నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో పెట్టకండి. ఆ పోర్టు పనిచేసేటప్పుడు అదే తరంగాల్లో రొద పుడుతుంది, మధ్యమధ్య బటన్ అందదు. యూఎస్‌బీ 2 పోర్టులోనో, ఒక మూర ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగానో పెట్టండి.

మా వాడు పదో తరగతి. ఈ ఆట మొబైల్ వెర్షన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) వచ్చిందట, వేసుకుంటానంటున్నాడు.
– గృహిణి, ప్రొద్దుటూరు

వద్దమ్మా, వేసుకోనివ్వకండి. ఆట పేరు, బొమ్మ పెట్టి పంపే ఏపీకేల్లో చాలావరకు వలలే. వేసుకోగానే యాక్సెసిబిలిటీ అనుమతి, ఎస్సెమ్మెస్ చదివే అనుమతి అడుగుతాయి. ఆ రెండూ దొరికితే తెర మీద కనబడేదంతా, ఓటీపీ సహా, అవతలివాడికి కనబడుతుంది. ఆ ఫోన్‌లోనే మీ ఫోన్‌పేనో గూగుల్‌పేనో ఉంటే ఖాతా ఖాళీ కావడానికి నిమిషాలు చాలు. ఇప్పటికే వేసుంటే ముందు మొబైల్ డేటా, వైఫై ఆపి, ఆ యాప్ తీసేయండి. బ్యాంకుకు వేరే ఫోన్ నుంచి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లో చెబితే డబ్బును మధ్యలో నిలిపే అవకాశం ఎక్కువ.

గాల్లో కాలం నెమ్మదించినా నా బాణం తగలడం లేదు. స్కోరు పెరగడానికి కిటుకు ఉందా?
– ఐటీఐ విద్యార్థి, తాడిపత్రి

చాలామంది దూకి, కాలం నెమ్మదింపజేసి, అప్పుడు శత్రువును వెతుకుతారు. వరసే తిరగబడింది. నేల మీద ఉండగానే గురి గుర్తును శత్రువు తల ఎత్తుకు తెచ్చి, ఆ తర్వాత దూకి, శిఖరం దగ్గర నెమ్మది మీట నొక్కండి. ఎగిరేటప్పుడూ పడేటప్పుడూ మీ ఎత్తు వేగంగా మారుతుంది. శిఖరం దగ్గర ఒక క్షణం దాదాపు నిలకడగా ఉంటారు, గురి కదలదు. అడ్డంగా పరుగెత్తే శత్రువుకైతే అతను వెళ్లే వైపు కాస్త ముందుకు గురి పెట్టండి. కాలం నెమ్మదించినప్పుడు బాణమూ నెమ్మదిస్తుందని మరవకండి, మీ చేయి ఒక్కటే వేగంగా ఉంటుంది.

విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే ఒకే దూరం జరిపినా వేగాన్ని బట్టి గుర్తు వేరువేరుగా జరుగుతుంది, చేతికి కొలత ఎప్పటికీ పట్టుబడదు. మౌస్ డీపీఐ (అంగుళం జరిపితే గుర్తు ఎంత జరగాలో చెప్పే కొలత) 800 పెట్టి, మౌస్‌ను ప్యాడ్ మీద ఒక వైపు నుంచి మరో వైపుకు లాగితే పాత్ర ఒక చుట్టు తిరిగేలా సెన్సిటివిటీ సరిచూసుకోండి. తర్వాత వారం దాకా మార్చకండి. పల్టీలకు తల తిరుగుతుంటే ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద కనిపించే దృశ్యం వెడల్పు) 90 నుంచి 100 మధ్య పెట్టి, కెమెరా షేక్ తీసేయండి.

ఇదే తరహాలో డబ్బు పెట్టి కొనదగ్గ ఆటలేవి? పెద్దలను దోచి పేదలకు పెట్టే దొంగల కథలంటే నాకు చాలా ఇష్టం.
– ఉపాధ్యాయుడు, కర్నూలు

మీ ఇష్టంలో ఒక అందముంది. రాబిన్ హుడ్ పాటల ప్రస్తావన 1377 ప్రాంతపు ఆంగ్ల కావ్యంలోనే ఉంది. జపాన్‌లో 1594లో చంపబడిన ఇషికావా గోయెమోన్ అనే దొంగ జనం నోళ్లలో వీరుడై, 1986 నుంచి కొనామి ఆటల్లో కథానాయకుడయ్యాడు. పాలమూరు వైపు పండుగ సాయన్న పాట ఇప్పటికీ వినిపిస్తుంది. దొంగ కాకపోయినా, కుంపిణీ తలకు వెల కట్టి 1847లో కోయిలకుంట్లలో ఉరితీసిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మన పాటల్లో ఎలా బతికున్నాడో మీకు చెప్పనక్కర్లేదు. దొరతనం వేటాడినవాణ్ని జనం పాట కట్టి దాచుకోవడం అన్ని చోట్లా ఉంది.

కొనే విషయానికొస్తే, హుడ్ అవుట్‌లాస్ అండ్ లెజెండ్స్ 2021లో వచ్చింది. నలుగురు చొప్పున రెండు జట్లు ఒకే నిధి కోసం పోటీపడే ఆన్‌లైన్ ఆట. పల్టీలు తక్కువ, నక్కి నక్కి నడవడం ఎక్కువ. ఇలాంటివాటికి అవతల ఆటగాళ్లుంటేనే విలువ. కొనేముందు ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారో చూసుకోండి. ఒంటరిగా ఆడుకోవడానికైతే 2023 ఆగస్టులో వచ్చిన ఎన్ గార్డ్ నాకు నచ్చిన ఎంపిక. కథానాయిక కత్తి దూసి, సామాన్లు తన్ని, బల్లల మీదుగా దూకుతూ పోరాడుతుంది. చిన్న ఆటే కానీ కత్తి లయ చక్కగా ఉంటుంది. స్టీమ్‌లో ధర రూపాయల్లోనే ఉంటుంది, యూపీఐతో కట్టొచ్చు. కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలు మించి ఆడకముందు అడిగితే డబ్బు వాపసు ఇస్తారు. అందుకే మొదటి గంటలో కథ చూస్తూ కూర్చోకండి. ముందు సెట్టింగ్స్ సరిచేసి, బాగా గుంపు ఉన్న పోరాటంలో ఫ్రేములు నిలుస్తాయో లేదో తేల్చుకోండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు డెస్క్‌టాప్ ఆఫ్ అవుతోంది. రెండుసార్లు సేవ్ పోయింది.
– అనంతపురం

ఇంటి ఇన్వర్టర్ వెనక సాధారణంగా యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక మీట ఉంటుంది. నార్మల్‌లో కరెంటు మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. కంప్యూటర్ పవర్ సప్లై కరెంటు లేకుండా నిలబడగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు, అంటే ఆటలో ఒక్క ఫ్రేము. మీటను యూపీఎస్ వైపు తిప్పండి. అప్పటికీ ఆగిపోతే కంప్యూటర్‌కు మాత్రమే చిన్న యూపీఎస్ పెట్టాలి, ఇన్వర్టర్ సామర్థ్యం పెంచి లాభం లేదు. స్టీమ్‌లో ఆట ప్రాపర్టీస్, జనరల్‌లో స్టీమ్ క్లౌడ్ (సేవ్‌లను ఇంటర్నెట్‌లో దాచే సౌకర్యం) ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అయితే అన్ని ఆటలకూ ఆ సౌకర్యం ఉండదు. లేనివాటికి సేవ్ ఫోల్డర్‌ను వారానికోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. కరెంటు పోయాక ఆట తెరుచుకోకపోతే వెంటనే తీసేసి మళ్లీ దించుకోకండి. ప్రాపర్టీస్, ఇన్‌స్టాల్డ్ ఫైల్స్‌లో వెరిఫై నొక్కితే పాడైన ఫైళ్లను మాత్రమే తెచ్చుకుంటుంది, డేటా మిగులుతుంది.