బ్యాండులో వయొలిన్, స్టేజీ మీద వీణ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చోటికి వచ్చి ఆగాయి. శాస్త్రీయంగా నేర్చుకున్న తీగ వాద్యాన్ని సినిమా పాటల్లోకి, పాప్‌లోకి, రాక్‌లోకి ఎలా తీసుకెళ్లాలన్నదే అందరి ప్రశ్న. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి ఒకటి రెండు జవాబులు పొడుగయ్యాయి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటున్నాను. కాలేజీ బ్యాండులో వాయించమని స్నేహితులు అడుగుతున్నారు. మా గురువుగారేమో "ఆ పాటలు వాయిస్తే చెయ్యి పాడవుతుంది" అంటున్నారు. నిజమేనా?

పాటల వల్ల చెయ్యి పాడవదు. కానీ ఆయన మాటను కొట్టిపారేయకండి, అందులో నిజం ఉంది, కాకపోతే అది పాటల్లో లేదు, మీరు వాయించే భంగిమలో ఉంది. మీరు కింద కూర్చుని వయొలిన్ తల భాగాన్ని కుడి చీలమండ మీద ఆనిస్తారు కదా, దాంతో వాద్యం బరువు కాలూ ఛాతీ మోస్తాయి, ఎడమ చెయ్యి తీగ వెంట ఎంత దూరమైనా జారగలుగుతుంది. స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించే మన గమకాలకు ఆ వెసులుబాటే ప్రాణం. బ్యాండులో అందరితో పాటు నిలబడి వాయించబోతే వయొలిన్‌ని గడ్డంతో, భుజంతో పట్టుకోవాలి. కొత్తలో జారిపోతుందేమోనన్న టెన్షన్‌తో ఎడమ చెయ్యి కూడా బరువు మోయడం మొదలుపెడుతుంది, మణికట్టు బిగుసుకుంటుంది, జారుల పొడవు తగ్గిపోతుంది. కొన్నాళ్లు అలా వాయించి మళ్ళీ వర్ణం పట్టుకుంటే గమకం కురచగా వస్తుంది. గురువుగారి చెవికి తగిలేది అదే.

అందుకని స్టేజీ మీద కూడా కూర్చునే వాయించండి. ఒక చిన్న ఎత్తు బల్ల వేయించుకోండి, మొహమాటం అక్కర్లేదు. 1970ల్లో కర్ణాటక సంగీతాన్నీ జాజ్‌నీ కలిపిన శక్తి బృందంలో ఎల్. శంకర్ వయొలిన్‌తో కింద కూర్చుంటే, పక్కన గిటార్ పట్టుకున్న జాన్ మెక్‌లాఫ్లిన్ కూడా బాసింపట్టు వేసుకునే కూర్చున్నాడు. జనం కళ్లప్పగించి చూశారు.

రెండో సంగతి లయ. తాళం వేస్తూ పెరిగినవాళ్లకి లయ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదని మనకో నమ్మకం. తీరా డ్రమ్స్ పక్కన నిలబడితే, నాలుగు దెబ్బల్లో రెండోదీ నాలుగోదీ బలంగా పడుతుంటే, మొదటి దెబ్బ మీద ఒదిగి కూర్చోవడానికి అలవాటుపడ్డ మన చెయ్యి కాస్త వెనకబడుతుంది. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టి, ఆ టిక్కుల్ని రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకుంటూ మీకు బాగా వచ్చిన ఏదైనా ఒక స్వరజతి వాయించి, రికార్డు చేసి వినండి. ఎక్కడ జారుతున్నారో మీకే తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. గాయకుడు పాడుతున్నప్పుడు మీరేం వాయిస్తారు? చాలామంది ఆ వరసనే పక్కన వాయిస్తూ పోతారు, ఎందుకంటే కచేరీలో పక్కవాద్యం అలవాటు అది. బ్యాండులో అలా చేస్తే గొంతూ వయొలినూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. వరస వదిలేసి లయ వాయించండి. దీనికి "చాప్" అనే పద్ధతి ఉంది, 1960ల్లో రిచర్డ్ గ్రీన్ అనే అమెరికన్ ఫిడేలు కళాకారుడు తెచ్చాడు. కమానుని, అంటే బోని, చేత్తో పట్టుకునే కొసకి దగ్గరగా, పైనుంచి నిలువుగా తీగ మీదికి దించుతారు, లాగరు. "చక్" అని గరుకు శబ్దం వస్తుంది, స్వరం దాదాపు వినపడదు. రెండో దెబ్బకి, నాలుగో దెబ్బకి అది పడిందంటే మీ వయొలినే డ్రమ్స్‌కి తోడవుతుంది. పాట ఆగిన చోట, చరణానికీ పల్లవికీ మధ్య, అప్పుడు మీ రాగం వాయించండి. ఆ నాలుగు ఆవర్తాల కోసమే మిమ్మల్ని పిలిచారు.

ప్రశ్న: తోడి రాగంలో ఉన్న ఒక ముక్కని కీబోర్డుతో కలిపి వాయిస్తే అపశ్రుతిలా వినిపిస్తోంది. శ్రుతి సరిగ్గానే చేశాం. లోపం ఎక్కడుంది?

లోపం ఎవరిదీ కాదు. తోడి గాంధారం ఒక చోట నిలబడదు, రిషభం వైపుకీ మధ్యమం వైపుకీ ఊగుతూనే ఉంటుంది, అలా ఊగకపోతే తోడే కాదు. మీ కీబోర్డు మిత్రుడు మైనర్ కార్డ్ (మూడు స్వరాలు ఒకేసారి) నొక్కినప్పుడు అదే గాంధారం కదలకుండా గట్టిగా మోగుతుంది. మీ ఊగే గాంధారం, ఆయన నిలబడ్డ గాంధారం, రెండూ ఒకేసారి వినేవాళ్ల చెవిలో పడుతున్నాయి. ఆ కార్డులోంచి గాంధారం తీసేసి సా, పా మాత్రమే పట్టుకోమనండి. గిటారిస్టులు పవర్ కార్డ్ అనేది అదే. ఒక్క వేలు ఎత్తితే సగం గొడవ తీరిపోతుంది.

మిగతా సగం శ్రుతిలోని తేడా. ఉదాహరణకి హంసధ్వని, మోహనం లాంటి రాగాల్లో ఉండే పై గాంధారాన్ని చూడండి, దాన్ని అంతర గాంధారం అంటాం. తంబూరాతో సరిచూసుకున్న ఆ గాంధారం కీబోర్డు గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు తక్కువ ఉంటుంది, ఒక అర్ధస్వరంలో 100 సెంట్లు అనుకుంటే. ఒంటరిగా వాయిస్తే అది తియ్యగా ఉంటుంది, అదే కీబోర్డు పక్కన కాస్త దిగినట్టు వినిపిస్తుంది. కార్డు మీద నిలబడాల్సిన స్వరాన్ని కీబోర్డుకి దగ్గరగా పట్టండి, కార్డు లేని చోట మీ చెవి చెప్పినట్టు వాయించండి. మొదట్లో హంసధ్వని, మోహనం లాంటివి తీసుకుంటే హాయిగా ఉంటుంది.

ఇంకో చిక్కు కూడా రాబోతోంది, ముందే చెబుతున్నాను. చాలా పాటల్లో చివరి పల్లవి అర్ధస్వరం పైకి వెళ్తుంది. మన వయొలిన్ తీగలు స-ప-స-ప అని ఉంటాయి కాబట్టి అక్కడ ఖాళీ తీగలేవీ పనికిరావు. పాశ్చాత్యుల జి-డి-ఎ-ఇ శ్రుతిలో కూడా ఈ కష్టం ఉంది, కానీ వాళ్లు అన్ని స్కేళ్లలోనూ వేళ్లు వేయడం చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటారు. ఖాళీ తీగ తాకకుండా సరళి వరుసలు వాయించడం సాధన చేస్తే మీకూ వస్తుంది.

ప్రశ్న: ఎలక్ట్రిక్ వాద్యం తప్పనిసరా? అసలు నాదం పోతుంది కదా?

తప్పనిసరి కాదు. కానీ డ్రమ్స్, పెద్ద స్పీకర్లు ఉన్న చోట మామూలు వయొలిన్ ముందు మైకు పెడితే, స్పీకర్ల శబ్దానికి దాని బోలు ఒళ్లు కూడా మోగి, కీ మని ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది. తీగల్ని మోసే బ్రిడ్జి దగ్గర పికప్, అంటే వాద్యం కంపనాన్ని నేరుగా పట్టుకునే చిన్న పరికరం, పెట్టుకోవడం మధ్యేమార్గం. నాదం పోతుందన్న మాట మాత్రం పూర్తిగా ఒప్పుకోను. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌గారినే తీసుకోండి. మామూలు మాండొలిన్‌లో ఎనిమిది తీగలు జంటలుగా ఉంటాయి, మీటగానే నాదం ఆరిపోతుంది, జంట తీగల మీద గమకం పలికించడం కష్టం. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకుని ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. కరెంటు వల్ల నాదం నిలిచింది, ఒంటి తీగ వల్ల గమకం పలికింది. అంటే ఆ మార్పు కర్ణాటక సంగీతం కోసమే జరిగింది! ఆ వాద్యంతోనే తర్వాత మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ప్రపంచమంతా తిరిగారు. 2014లో 45 ఏళ్లకే వెళ్లిపోయారు, ఆ లోటు ఇంకా తీరలేదు.

ప్రశ్న: మా అమ్మాయి వీణ నేర్చుకుంటోంది, ఇప్పుడు సినిమా పాటలే వాయిస్తానంటోంది. ఆపమంటారా?

ఆపకండమ్మా. ఈమని శంకరశాస్త్రిగారు మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసినవారే, ఆయన శిష్యుడు చిట్టిబాబుగారు సినిమాలకు వాయించినవారే, వీణ మీద కోయిల కూతని పలికించి పామరులని కూడా కట్టిపడేశారు. వాళ్ల వీణకు ఏ లోటూ రాలేదు. "వాయించు, కానీ పాటలోని ప్రతి మాటకీ ఒక మీటు వేయకు, ఒక్క మీటులో తీగ లాగి ఎన్ని స్వరాలు పలుకుతాయో చూడు" అని మాత్రం చెప్పండి. మాటమాటకీ మీటితే వీణ టైపు మిషన్‌లా మోగుతుంది. ఇంకో మాట, వీణ శ్రుతిని ఎక్కువ మార్చడం కుదరదు, కాబట్టి స్కేలు మార్చుకోవాల్సింది మిగతావాళ్లే. ఆ సంగతి మొదటి రిహార్సల్‌లోనే చెప్పమనండి.

ప్రశ్న: విదేశాల్లో చెల్లోల (పెద్ద వయొలిన్ లాంటి వాద్యాల) మీద రాక్ పాటలు వాయించేవాళ్ల వీడియోలు చూస్తున్నాను. అది శాస్త్రీయమా, వినోదమా? ఎవరితో మొదలుపెట్టమంటారు?

వినేవాళ్లకి ఆ గీత ఎందుకండీ. క్రోనోస్ క్వార్టెట్‌తో మొదలుపెట్టండి. 1973లో మొదలైన ఈ నలుగురి తీగవాద్య బృందం వాళ్లు కొత్త స్వరకర్తల రచనలతో పాటు జిమీ హెండ్రిక్స్ రాక్ పాటని కూడా కచేరీల్లో వాయించారు. తర్వాత అపోకలిప్టికా, ఫిన్లాండులోని సిబేలియస్ అకాడమీ విద్యార్థులు, 1996లో నాలుగు చెల్లోలతో మెటాలికా అనే రాక్ బృందం పాటల ఆల్బమ్ చేశారు. గిటారు రొద కోసం వాళ్లు బోని ఎంత గట్టిగా నొక్కి లాగుతారో, తీగ ఎలా గీరుకుంటుందో గమనించండి. అది శిక్షణ లేని చేతికి వచ్చే పని కాదు. 2011లో మైకేల్ జాక్సన్ పాట వీడియోతో పేరు తెచ్చుకున్న టూచెల్లోస్ ఇద్దరూ అంతే, సంగీత కళాశాలల్లో పద్ధతిగా నేర్చుకున్నవాళ్లే.

దీనికి అవతలి కొసలో రవిశంకర్‌గారున్నారు. 1967లో మాంటెరే పాప్ ఉత్సవంలో రాక్ బృందాల మధ్య ఒక మధ్యాహ్నమంతా అల్లా రఖా తబలాతో రాగసంగీతమే వాయించారు, ఒక్క రాక్ పాట కూడా ముట్టుకోలేదు. బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ లాంటివాడే ఆయన దగ్గర సితార్ నేర్చుకున్నాడు. నాకు ఈ రెండు దారులూ ఇష్టం. నచ్చనిదల్లా ఒకటే, గాయకుడి వరసని వయొలిన్ మీద ఉన్నదున్నట్టు దించేసి, వెనక కరోకే ట్రాక్ పెట్టి, ఫ్యూజన్ అని పేరు పెట్టడం. అందులో వాద్యం తనంతట తాను చెప్పే మాట ఒక్కటీ ఉండదు.

ప్రశ్న: నేను వాయించిన కవర్‌ని యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ నోటీసు వచ్చింది. వాయించింది నేనే కదా?

రికార్డింగ్ మీదే, బాణీ మీది కాదు. రెండూ వేరు వేరు హక్కులు. చాలాసార్లు వీడియో అలాగే ఉంటుంది, ప్రకటనల డబ్బు మాత్రం హక్కుదారుకి వెళ్తుంది. నోటీసులో ఏం రాశారో ఒకసారి పూర్తిగా చదవండి, వీడియో తీసేయమన్నారా, డబ్బు మాత్రమే తీసుకుంటామన్నారా అన్నది అందులోనే ఉంటుంది. సినిమా పాట ఒరిజినల్ ట్రాక్ కూడా వెనక పెట్టి ఉంటే మాత్రం రికార్డింగ్ హక్కు కూడా వాళ్లదే అవుతుంది, ఆ వీడియోని తీసేసి, మీ స్నేహితుడి గిటారుతో మళ్ళీ రికార్డు చేసుకోండి.