“చేద్దామనే అనుకున్నా, కానీ…”

ప్రశ్న: నా వయసు 38. చిన్నప్పటి నుంచి చదువులో ముందుండేవాణ్ని, ఉద్యోగంలోనూ మంచి పేరుంది. ఇంట్లో మాత్రం ఏ మాటా నిలబెట్టుకోలేకపోతున్నాను. అమ్మకి కంటి పరీక్ష చేయిస్తానని చెప్పి నాలుగు నెలలైంది. పాప స్కూల్లో కార్యక్రమానికి వస్తానని చెప్పి వెళ్లలేదు. ప్రతిసారీ ఏదో ఒక కారణం ఉంటుంది, అవేవీ అబద్ధాలు కావు. పోయిన వారం మా తొమ్మిదేళ్ల పాపని బొమ్మ ఎందుకు వేయలేదని అడిగితే, “వేద్దామనే అనుకున్నా నాన్నా, కానీ రంగులు కనబడలేదు” అంది. రంగుల డబ్బా తన ఎదురుగా టేబుల్ మీదే ఉంది. అచ్చం నా మాట, నా ధోరణి. మా ఆవిడ ఏమీ అనలేదు, నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఇది నా స్వభావమా? మారుతుందా? పాపకి ఏం చెప్పను?

జవాబు: మీ ఉత్తరంలో ఆ రంగుల డబ్బా దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పిల్ల నోట మన మాట విని ఉలిక్కిపడటం, దాన్ని దాచుకోకుండా రాయడం తేలిక కాదు.

అవేవీ అబద్ధాలు కావన్నారు, నమ్ముతున్నాను. ఆ రోజు మీటింగ్ నిజంగానే ఆలస్యమై ఉంటుంది. అయితే సాకు అబద్ధమే అయి ఉండాలని లేదు. నిజాన్ని కూడా సాకుగా వాడుకోవచ్చు, మనలో చాలామంది వాడేది దాన్నే. అందుకే అది సాకని చెప్పేవాళ్లకి తెలియదు. ఎప్పుడు చెబుతున్నాం, చెప్పాక ఏం చేస్తున్నాం అన్న చోట తేడా తెలుస్తుంది. “మీటింగ్ సాగేలా ఉంది, నేను రాలేకపోవచ్చు, పాపకి ముందే చెప్పు” అని మధ్యాహ్నం ఫోన్ చేస్తే అది కారణం. అదే మీటింగ్ సంగతి రాత్రి ఇంటికొచ్చి, పాప ముఖం చూశాక చెబితే సాకు. కారణం చెప్పే మనిషి ఆ తర్వాత ఏం చేయాలో కూడా మాట్లాడతాడు. సాకు చెప్పే మనిషికి ఆ విషయం అక్కడితో ముగిసిపోవాలి.

నెపం అని ఇంకో మాట ఉంది. అది వేరేవాళ్ల మీద వేసేది. ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత దాని గురించే. మీ ఉత్తరంలో ఎవరి మీదా నెపం లేదు, ఆఫీసుని కూడా తిట్టలేదు. జె.ఎల్. ఆస్టిన్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త 1956లో ఒక తేడా చెప్పాడు. తనను తాను సమర్థించుకునేవాడు ‘చేశాను, అందులో తప్పేముంది?’ అంటాడు. సాకు చెప్పేవాడు ‘తప్పే, కానీ అదంతా నా చేతిలో లేదు’ అంటాడు. అంటే సాకు చెప్పే మనిషికి తప్పు తప్పుగానే కనిపిస్తోంది. మీ విషయంలో నాకు ఆశ కలిగింది ఇక్కడే.

మరి తెలిసీ ఎందుకు? మీరు బద్ధకస్తులని నేను అనుకోను. చిన్నప్పటి నుంచి ముందుండేవాణ్నన్నారు కదా, నాకు అక్కడ అనుమానం. 1978లో స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరికి జవాబే లేని ప్రశ్నలిచ్చి, అయినా బాగా చేశారని మెచ్చుకున్నారు. రెండో పరీక్షకి ముందు రెండు మందులు చూపించి, ఒకటి బుర్రను చురుగ్గా పనిచేయిస్తుంది, ఇంకొకటి మందగింపజేస్తుంది, ఏది కావాలని అడిగారు. ఆ మెప్పు తమకి ఎందుకొచ్చిందో అర్థం కాని మగవాళ్లలో చాలామంది మందగింపజేసే మందునే కోరుకున్నారు. మళ్లీ బాగా చేస్తామన్న నమ్మకం వాళ్లకి లేదు. ఆ మందు వేసుకుంటే, ఓడినా తప్పు మందుదే అవుతుంది, మంచి పేరు పోదు.

మంచి పేరున్న మనుషులు నా దగ్గరికి చాలామంది వస్తారు. పేరు పోతుందన్న టెన్షన్ వాళ్లని లోపల తినేస్తుంటుంది. ‘మర్చిపోయాను’ అంటే చిన్నబోతాం, ‘పని ఒత్తిడి’ అంటే ఎవరూ ఏమీ అనరు. ఆ మాట పైకి భార్యకి చెబుతున్నట్టే ఉంటుంది. నిజానికి మనకి మనమే చెప్పుకుంటాం. సాకు అన్నప్పుడల్లా నాకు సాకడం అన్న మాట గుర్తొస్తుంది. ఆ రెంటికీ చుట్టరికం ఉందని కాదు గానీ, సాకేకొద్దీ సాకులు పెరగడం మాత్రం చూశాను.

ఇంకో సంగతి. సాకు రాత్రి ఇంటికొచ్చాక పుట్టదు. పొద్దున మొహమాటానికి ‘సరే’ అన్నప్పుడే పుడుతుంది. అమ్మగారికి సరే, పాపకి సరే, ఆఫీసులో బాస్‌కీ సరే. ఉన్న గంటలు అన్నే కాబట్టి ఎవరికో ఒకరికి సాకు చెప్పక తప్పదు. అది ఎప్పుడూ ఇంట్లోవాళ్ల వంతే ఎందుకవుతోంది? వాళ్లు సర్దుకుపోతారని మనకి ధీమా. దీని గురించి ఒకసారి నెమ్మదిగా ఆలోచించండి. పాప అడిగినప్పుడు ‘ఆ రోజు కుదరదమ్మా’ అని ముందే అంటే ఒక పూట అలుగుతుంది. వస్తానని రాకపోతే గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది.

ఇది స్వభావమా అని అడిగారు. అలవాటు. మారుతుంది, కాకపోతే ‘ఇక నుంచి మారిపోతాను’ అని ఇంట్లో ప్రకటించకండి. ఆ ప్రకటనలు వాళ్లు చాలానే విని ఉంటారు. రెండే చేయండి.

తప్పు జరిగినప్పుడు ‘కానీ’కి ముందే ఆగిపోండి. “ఏడింటికి వస్తానన్నాను, రాలేదు. తప్పు నాదే.” అక్కడితో నోరు మూసుకోవాలి. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం మొదట్లో భరించలేరు. ట్రాఫిక్ గురించో బాస్ గురించో ఒక్క ముక్క చెప్పాలని నాలుక కొట్టుకుంటుంది, చెప్పకండి. మీ ఆవిడ అడిగితే అప్పుడు చెప్పండి. అడిగి తెలుసుకున్నది ఆవిడకి సాకులా వినిపించదు.

ఇక ‘చేయిస్తాను’, ‘చూద్దాం’ లాంటి మాటల పక్కన ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది కూడా పెట్టండి. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990లలో దీని మీదే పనిచేశారు. ‘ఫలానాది జరగగానే ఫలానాది చేస్తాను’ అని ముడిపెట్టుకున్నవాళ్లు, ఉత్త సంకల్పం చెప్పుకున్నవాళ్ల కంటే ఎక్కువగా ఆ పని పూర్తిచేస్తారు. మీకైతే: ‘రేపు పొద్దున ఆఫీసులో కుర్చీలో కూర్చోగానే, కంప్యూటర్ ఆన్ చేయకముందే కంటి డాక్టర్‌కి ఫోన్ చేస్తాను.’

ఇవి చేసినా ఇంటా బయటా ప్రతి పనీ మర్చిపోతుంటే, నిద్ర పట్టకపోతుంటే, దేని మీదా మనసు నిలవకపోతుంటే దాన్ని క్రమశిక్షణ లోపమనుకోకండి. డాక్టర్‌కి చూపించుకోండి. అప్పుడు అది నిజమైన కారణమే కావచ్చు.

పాప సంగతి. ‘అబద్ధాలు నేర్చావా’ అని గద్దించొద్దు. నిజం చెబితే తిట్లు, సాకు చెబితే వదిలేయడం జరిగే ఇంట్లో పిల్లలు సాకే ఎంచుకుంటారు. పక్కన కూర్చుని, “నేనూ అచ్చం ఇలాగే అంటుంటాను కదా? మీ స్కూలుకి వస్తానని రాలేదు. తప్పు నాదే” అనండి. బొమ్మ గురించి ఆ పూట ఎత్తకండి. ఎప్పుడైనా తనంతట తాను ‘వేయాలనిపించలేదు నాన్నా’ అంటే, అది నిజం కాబట్టి ముందు “నిజం చెప్పావు” అనండి. ఆ తర్వాతే “మరి ఎప్పుడు వేద్దాం?” అని అడగండి.

మీ ఆవిడ ఆ రోజు ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారని రాశారు. దానికి ఆవిడని సంజాయిషీ అడగొద్దు, మీరూ ఇవ్వొద్దు. అమ్మగారి కంటి పరీక్ష అయిపోయిన రోజు నాకు రాయండి. ఏ తేదీన వెళ్లారో ఆ ఒక్క ముక్క చాలు.