వెన్స్, విదర్ తికమకకి మన ఎ, ఇ, అ చాలు

పాత ఇంగ్లిష్ నవల చదువుతుంటే హెన్స్, దెన్స్, వెన్స్, హిదర్, దిదర్, విదర్ అన్నీ కలగాపులగం అయిపోతున్నాయా? ఒక్కోదాన్నీ విడిగా డిక్షనరీలో వెతక్కండి. అలా వెతికే నేనూ చాలాకాలం తికమకపడ్డాను.

నిజానికి తెలుగువాళ్లకి ఇది తేలిక. మన ఇక్కడ, అక్కడ, ఎక్కడ లాగే వాళ్లకి హియర్, దేర్, వేర్. స్పెల్లింగ్ మొదట్లో హెచ్ ఉంటే మన 'ఇ', టీహెచ్ ఉంటే 'అ', డబ్ల్యూహెచ్ ఉంటే 'ఎ' అనుకోండి. ఇక తోక: 'ఎన్స్' అయితే 'నుంచి', 'ఇదర్' అయితే 'కి'. వెన్స్ అంటే ఎక్కడి నుంచి, విదర్ అంటే ఎక్కడికి. మిగతా నాలుగూ మీరే కట్టేసుకోగలరు.

హెన్స్‌కి ఇవాళ 'ఇందువల్ల' అనే అర్థమే ఎక్కువ వినిపిస్తుంది. చోటు నుంచి కారణానికి జరిగిందన్నమాట. 'నుంచి' పదంలోనే ఉంది కాబట్టి 'ఫ్రమ్ వెన్స్' అనకూడదని వ్యాకరణ పట్టింపున్నవాళ్లు గొణుగుతారు గానీ, పాత రచయితలు హాయిగా వాడేశారు. నవల్లో కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. డబ్ల్యూ పక్కన హెచ్ లేని విదర్ వేరే మాట, వాడిపోవడం అని. వేర్‌ఫోర్‌లో 'వేర్' కనబడుతుంది కానీ అర్థం 'ఎక్కడ' కాదు, 'ఎందుకు'.

దస్తావేజుల్లో వచ్చే హియరాఫ్, దేరాఫ్ కూడా ఈ కుటుంబమే: దీని, దాని.