లైఫ్‌టైమ్ వారంటీ షాకబ్జర్లను ‘మామూలు అరుగుదల’ అని తిప్పి పంపారు. ఇది మోసమేనా?

రెండేళ్ల కింద హైదరాబాద్‌లో మీ కారుకు ముందు షాకబ్జర్లు లైఫ్‌టైమ్ వారంటీ అని చెప్పి వేశారు. 40 వేల కిలోమీటర్లు తిరిగాక బండి ఊగుతోందని తీసుకెళ్తే, ఇది మామూలు అరుగుదల, వారంటీ రాదన్నారు. లైఫ్‌టైమ్ అంటే అసలు ఎవరి లైఫ్ అని మీరు అడిగారు. నేను రెండుసార్లు ఈ దారిలో నడిచాను. ఒకసారి వారంటీ వచ్చింది, ఒకసారి రాలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. వారంటీ తేలేదాకా అని ఆ షాకబ్జర్లతోనే బండి నడపకండి. నేను నాలుగు నెలలు అలా నడిపాను. మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ నష్టం చేసింది ఆ నాలుగు నెలలే.

నాది మెడికల్ షాపులకు మందులు వేసే పని. హనుమకొండ నుంచి ములుగు, ఏటూరునాగారం, వారానికి రెండు రోజులు భూపాలపల్లి వైపు. ఆ రోడ్లు మీకు తెలిసే ఉంటాయి. గోదావరి నుంచి వచ్చే ఇసుక లారీలు, బొగ్గు టిప్పర్లు, నాట్ల కాలంలో కేజ్ వీల్స్ తోటే రోడ్డెక్కే ట్రాక్టర్లు. వానలు పడ్డాక తారు లేచిపోయి ఎక్కడికక్కడ గుంతలు. 2021 మార్చిలో నా పాత హ్యాచ్‌బ్యాక్‌కు ముందు రెండు షాకబ్జర్లు వేయించాను. జత 5,600 రూపాయలు. ‘సార్, ఇగ మీరు బండి అమ్మేదాకా వీటి గురించి ఆలోచించేదే లేదు’ అన్నాడు షాపాయన. నేను నమ్మాను. వారంటీ కార్డు చదవకుండా డాష్‌బోర్డు సొరుగులో పడేశాను.

14 నెలలకు, 30 వేల కిలోమీటర్లకు కుడివైపు నుంచి ఆయిల్ కారింది. చెమట పట్టినట్టు కాదు, కింది గొట్టం మొత్తం తడిసి, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి ముద్దలా అయ్యింది. బిల్లు, కార్డు, ఫోటో ఇస్తే పది రోజుల్లో కొత్తది ఒకటి వచ్చింది. అక్కడిదాకా సంతోషమే. అయితే వచ్చింది ఒకవైపుదే. ఒకవైపు కొత్తది, ఒకవైపు 30 వేలు తిరిగింది ఉంటే బ్రేక్ కొట్టినప్పుడు, మలుపుల్లో రెండు వైపులా ఒకేలా పట్టదని మా మేస్త్రీ రెండోదీ మార్చమన్నాడు. అది 2,800. లేబర్ 1,200. పైన ఉండే మౌంటింగులు ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి అవి 900. అలైన్‌మెంట్ 500. మొత్తం 5,400 అయ్యింది. ఉచితంగా వచ్చిన షాకబ్జర్ బండికి ఎక్కేసరికి నేను పెట్టింది, మొదట జత కొన్న ధరకు రెండొందలు తక్కువ. కార్డులో ‘విడిభాగం మాత్రమే, లేబర్ వర్తించదు’ అని ఉంది. అప్పుడు చదివాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, అరుగుదల సంగతి. కారు బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడ్డాక ఆ స్ప్రింగు ఎగిరి ఎగిరి ఊగకుండా పట్టి ఆపేది షాకబ్జర్. మన ఊళ్లలో చేతి బోరింగు చూసే ఉంటారు. గొట్టంలో పిస్టన్, దానికి వాషర్లు, వాల్వు. కొడుతూ కొడుతూ ఉంటే వాషర్ అరిగి నీళ్లు సన్నబడతాయి. అంతమాత్రాన బోరింగు చేసినవాడు మోసం చేశాడని ఎవరూ అనరు, వాషర్ మారుస్తారు. షాకబ్జర్‌లోనూ అంతే. ఆయిల్ నిండిన గొట్టంలో పిస్టన్ కదులుతుంది, సన్నటి వాల్వుల గుండా ఆయిల్ బలవంతంగా అటూ ఇటూ పోతుంది. ఆ ఒరిపిడిలో ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. కిలోమీటరుకు వందల సార్లు ఈ పని జరుగుతుంది. వాల్వుల రేకులు వంగి వంగి పట్టు తగ్గుతాయి, ఆయిల్ పలచబడుతుంది, గ్యాస్ రకాల్లో నైట్రోజన్ మెల్లగా తగ్గుతుంది, రాడ్డు చుట్టూ ఉండే సీలు అరుగుతుంది. అరగడం దాని పనిలోనే ఉంది. మన్రో లాంటి పెద్ద షాకబ్జర్ల కంపెనీయే 50 వేల మైళ్లకు, అంటే సుమారు 80 వేల కిలోమీటర్లకు షాకబ్జర్ల సంగతి చూసుకోమంటుంది. మన ఏటూరునాగారం రోడ్డు మీద అయితే అంతదాకా ఆగొద్దు.

కాబట్టి వారంటీ ఇచ్చేవాడు చూసేది ఒక్కటే. తయారీలో తప్పు ఉండి తొందరగా పోయిందా, పని చేసి చేసి అలసిపోయిందా? నాకు 14 నెలలకు సీలు తెగింది, అది తప్పు కింద లెక్క వేశారు. రెండోసారి, 2024 మార్చిలో, ఇంకో 45 వేల కిలోమీటర్ల తర్వాత, ఒక్క చుక్క ఆయిల్ కారలేదు, బండి మాత్రం స్పీడ్ బ్రేకర్ దిగాక మూడుసార్లు ఊగేది. ఫోటోలు అడిగారు, పంపాను. పొడిగా ఉంది, మామూలు అరుగుదల అని జవాబు వచ్చింది. నేను వదల్లేదు. మళ్లీ రాశాను, ఫోన్లు చేశాను, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పాను. కంపెనీ వాళ్లు కార్డులోని ఆ వాక్యాన్ని ఫోటో తీసి పంపారు. ఉంది. చిన్న అక్షరాల్లో, ఇంగ్లిష్‌లో, వెనక పేజీలో. కార్డు ప్రకారం వాళ్లది సరైనదే. షాపాయన నోటితో చెప్పింది మాత్రం సరైనది కాదు. నా బాధంతా దానిమీదే. అమ్మేటప్పుడు ‘అరిగితే రాదు’ అన్న ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నేను అసలు ఎదురుచూసేవాణ్ణే కాదు.

ఆ ఎదురుచూపుల్లోనే జులై వచ్చింది. గట్టమ్మ గుడి దాటి ములుగు వైపు దిగుతున్నాను, వాన పడుతోంది. బర్రెల మంద అడ్డం వచ్చింది. స్పీడు మరీ ఎక్కువేం కాదు. బ్రేక్ తొక్కగానే బండి ముక్కు కిందికి వంగింది, అక్కడ రోడ్డు అలలు అలలుగా ఉంటే ముందు టైర్లు నేలను వదిలి వదిలి తాకుతున్నాయి. టైరు గాల్లో ఉన్నంతసేపూ బ్రేకుకు పట్టు ఉండదు కదా. చివరి బర్రెకు మూర దూరంలో ఆగాను. చేతులు వణికాయి. పక్కన ఆపి ఐదు నిమిషాలు కూర్చున్నాను.

మర్నాడు మేస్త్రీ చక్రం విప్పి టైరును నా ముందు పెట్టి, ‘కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి తిప్పు’ అన్నాడు. అరచేయి ఎక్కుతూ దిగుతూ పోయింది. జానెడుకొక చోట చిన్న గిన్నెలా లోపలికి అరిగి ఉంది, మధ్యలో మళ్లీ ఎత్తు. నెలరోజుల నుంచి వస్తున్న గుయ్‌మనే శబ్దం బేరింగుది అనుకుంటున్నాను, అది ఈ టైరుది. ముందు రెండు టైర్లూ పోయాయి, 9,000. షాకబ్జర్ల జత 5,600 దగ్గర పట్టుబట్టి కూర్చుని, ఇంకా సగం జీవితం ఉన్న టైర్లు పోగొట్టుకున్నాను. అందుకే మొదట్లోనే ఆ మాట రాశాను.

లైఫ్ ఎవరిది అన్న ప్రశ్నకు వస్తే, ఈ లైఫ్‌టైమ్ అనే మాట అమెరికా విడిభాగాల మార్కెట్లో చాలాకాలంగా ఉంది. అక్కడ 1975 నాటి మాగ్నసన్ మాస్ వారంటీ చట్టం ప్రకారం రాసి ఇచ్చే వారంటీ ‘ఫుల్’ (పూర్తి) రకమా, ‘లిమిటెడ్’ (పరిమిత) రకమా అని పైనే చెప్పాలి. లైఫ్‌టైమ్ అని ప్రకటన వేస్తే ఎవరి జీవితకాలం, దేని జీవితకాలం అన్నది కూడా చెప్పాలని అక్కడి వ్యాపార నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మార్గదర్శకాల్లో ఉంది. ఎక్కువగా కనిపించే అర్థం ఏంటంటే, మొదట కొన్నవాళ్ల దగ్గర ఆ బండి ఉన్నంతకాలం. బండి అమ్మితే వారంటీ పోతుంది, కొన్నవాళ్లకు రాదు. బిల్లు లేకపోతే రాదు. ట్యాక్సీకి, రేసులకు వాడితే రాదు. కొన్ని కంపెనీలు అరుగుదలను కలుపుతాయి, కొన్ని తీసేస్తాయి. మీ కార్డు ఏ రకమో మీరే చదవాలి. ‘మెటీరియల్, వర్క్‌మన్‌షిప్ లోపాలు’, అంటే సరుకులో, పనితనంలో లోపాలు, అన్న మాటలు ఒక్కటే ఉంటే అరుగుదల రాదనే అనుకోండి.

మీ బండి దగ్గరికి వెళ్లి చూడాల్సింది ఇది. షాకబ్జర్ గొట్టాన్ని పాత గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఒక వంద కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడండి. పైభాగంలో పలచగా తేమ, దాని మీద కొంచెం దుమ్ము ఉంటే అది మామూలే, రాడ్డు సీలును తడిపే ఆయిల్ అది. తడి కిందిదాకా జారి ఉంటే, చుక్క కడుతుంటే లీకు. లీకు ఉంటే మీ కేసు బలమైనది. 40 వేలకు సీలు తెగడం మామూలు అరుగుదల అని వాళ్లు నోటితో అంటే ఒప్పుకోకండి, రాసివ్వమనండి.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి, వాళ్లు కూడా అదే చూస్తారు. రాడ్డు మీద గీత ఉందా? పైన నట్టు బిగించేటప్పుడు రాడ్డు తిరగకుండా కొందరు దాన్ని ప్లయర్‌తో పట్టుకుంటారు. అద్దంలా ఉండే ఆ క్రోమ్ మీద గోటికి తగిలేంత గీత పడుతుంది. ఆ గీత పైకీ కిందికీ ఆడుతూ రోజూ సీలును కోస్తుంది. కొన్ని నెలల్లో లీకు. అప్పుడది తయారీ లోపం కాదు, బిగించినవాడి తప్పు, కంపెనీ ఒప్పుకోదు. మా బావమరిది బండిలో ఇదే జరిగింది. దుమ్ము తొడుగు చిరిగినా, లోపలి రబ్బరు బంప్ స్టాపు వేయకుండా బిగించినా అంతే. బిగించింది కూడా అమ్మిన షాపే అయితే ఆ తప్పు వాళ్లదే కాబట్టి వాళ్లనే అడగండి, కంపెనీ చుట్టూ తిరగకండి. గుంతలో బలంగా పడి రాడ్డు వంగితే దాన్ని దెబ్బ అంటారు, దానికి ఏ వారంటీ రాదు.

లీకు లేదు, ఊపు మాత్రం ఆగడం లేదు అంటే నా రెండో కేసు లాంటిదే. కార్డులో అరుగుదలను తీసేసి ఉంటే వాదన గెలవడం కష్టం. కానీ కార్డులో ఆ మాట లేకపోతే, లేదా షాపు ప్రకటనలో, వాట్సాప్ మెసేజీలో, బిల్లు మీద ‘జీవితాంతం ఉచితంగా మారుస్తాం’ లాంటిది రాతలో ఉంటే వదలొద్దు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, తగిన పరీక్ష లేకుండా వస్తువు ఇన్నాళ్లు మన్నుతుందని వారంటీ ఇవ్వడం, తప్పుదోవ పట్టించే వారంటీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతుల కిందికి వస్తాయి. బిల్లు ఇవ్వకపోవడం కూడా అందులోనే ఉంది. మీరు కచ్చా చీటీ ఒక్కటే ఉందని రాశారు కాబట్టి ఇది మీకు పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఉంటే ఆ రసీదు తీసి పెట్టుకోండి.

ముందు 1915కు ఫోన్ చేయండి, ఖర్చు లేదు, ఫిర్యాదు నంబరు ఇస్తారు. కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు. షాపు హైదరాబాద్‌లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, ఆ చట్టంలో అది కొత్తగా వచ్చిన మంచి మార్పు. మీరు కట్టిన ధర ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. 5,600 కోసం ఎవరు తిరుగుతారు అని మా ఇంట్లో కూడా అన్నారు. నిజమే, రోజు కూలీ పోగొట్టుకుని తిరగడం అందరికీ కుదరదు. కానీ ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవడానికి పావుగంట చాలు. నంబరు ఉందని తెలిశాక మాట్లాడే తీరు మారడం నేను చూశాను.

నేను ఆ తర్వాత వేయించినవి కారు కంపెనీ సొంత షాకబ్జర్లు. వారంటీ పరిమితంగానే ఉంది, ఎంతకాలమో బిల్లు మీద స్పష్టంగా ఉంది, అంతే. బిల్లు మీద బండి నంబరు, ఆ రోజు కిలోమీటర్లు రాయించాను. ‘అరిగితే మార్చరు కదా’ అని నేనే అడిగితే కౌంటర్లో అబ్బాయి ‘మార్చం సార్, లీకయితే మారుస్తాం’ అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది.

రేపు పొద్దున బండి తీసేలోపు ముందు టైర్ల మీద అరచేయి పెట్టి ఒక చుట్టు తిప్పి చూడండి. ఎత్తుపల్లాలు తగిలితే కొత్త షాకబ్జర్లు ఈ వారమే వేయించండి. పాతవి మాత్రం షాపువాళ్లకు ఇవ్వకండి. మీటరు రీడింగుతో, గొట్టం మీది నంబరు కనిపించేలా ఫోటోలు తీసి, గోనెసంచిలో చుట్టి ఇంట్లో పెట్టుకోండి. ఫిర్యాదుకు మీ దగ్గరుండే సాక్ష్యం అవే.